చేతులు దించమని చెప్పాల్సిన మనిషి

ఆ రోజు పార్కింగ్ బిల్డింగ్ పై డెక్ మీద ఆయన తనంతట తానే చేతులు దించారని అందరూ అనుకున్నారు. కాదు. దించమని చెప్పింది నేను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. ఇంట్లో వండిన కూరలు, మెట్రోలో ఎదురుగా కూర్చున్నవాళ్ల చెప్పులు కూడా అందులోకి ఎక్కాయి. ఈ సంగతి మాత్రం ఎక్కలేదు. ఆ రోజు పేజీలో "ఎండ ఎక్కువగా ఉంది" అని ఒక్క వాక్యం ఉంది, అంతే.

ఇప్పుడు ఆ ఉద్యోగంలో నేను లేను. నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంటుంది. ఇది ముఖ్యంగా ఆమె కోసం రాస్తున్నాను. కొత్తగా ఇలాంటి ఆఫీసుల్లో చేరే మీ అందరి కోసం కూడా.

హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీ క్యాంపస్ అది. నంద్యాల దగ్గర మా బంధువులంతా నేను సాఫ్ట్‌వేర్ అనుకునేవాళ్లు. మా నాన్న ఆ మాటను ఎప్పుడూ సరిదిద్దలేదు, నేనూ దిద్దలేదు. నిజానికి నాది ఫెసిలిటీస్ హెల్ప్‌డెస్క్. ఏసీ చల్లగా ఉందని ఒకరు, అదే వరసలో కూర్చుని ఉక్కగా ఉందని ఇంకొకరు ఫోన్ చేస్తారు. లిఫ్టు ఆగిందని, కాఫీ మిషన్‌లో పాలు రావడం లేదని, తన పార్కింగ్ చోటులో ఎవరో బండి పెట్టారని ఫోన్లు. అందరికీ ఒకటే జవాబు, "టికెట్ రైజ్ చేయండి." ఆ జవాబు కూడా నేను ఎంత చిన్నగా చెప్పేదాన్నంటే, సగం మంది "గట్టిగా మాట్లాడండి, వినపడట్లేదు" అనేవాళ్లు. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. రోజూ మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, దారంతా పుస్తకం చదువుకుంటూ వచ్చేదాన్ని. మనుషులతో నా సంబంధం ఎక్కువగా అక్కడే, కాగితం మీద.

నా డెస్కు బేస్‌మెంట్‌లో ఒక గాజు గది. దాని ముందు నుంచే కార్ల ర్యాంపు దిగుతుంది. ఆ ర్యాంపు కింద ఆయన నిలబడేవారు. సెక్యూరిటీ ఏజెన్సీ తరఫున పార్కింగ్ సూపర్‌వైజర్. అంతకు ముందు వాయుసేనలో పనిచేసి రిటైరయ్యారు. ఇలాంటి వాళ్లు ఐటీ కంపెనీల గేట్ల దగ్గర చాలామంది ఉంటారు. మనం అంకుల్ అని పిలిచి, తల ఊపి వెళ్లిపోతాం.

ర్యాంపు మీద కారు కనబడగానే ఆయన రెండు చేతులూ తలపైకి నిటారుగా ఎత్తేవారు. నీ చోటు ఇక్కడ, అని దానికి అర్థం. తర్వాత మోచేతులు మడిచి రమ్మనేవారు. చివరికి రెండు ముంజేతులూ తల మీద అడ్డంగా కలిపితే, ఆగు అని. దిగిన విమానాన్ని దాని చోటికి తెచ్చి నిలపడానికి ఇవే సైగలు. సర్వీసు అంతా ఆయన చేసిన పని అదే. కొత్త కుర్రాళ్లు ఆయన్ని ఫోన్లో తీసి నవ్వుకునేవాళ్లు.

"అంకుల్, ఇది సెకండ్ హ్యాండ్ కారు. విమానం కాదు" అన్నాడు ఒకరోజు ఒకడు అద్దం దించి.

"తెల్సు బేటా. విమానమైతే నీ చేతికిస్తరా?" అన్నారు ఆయన, చేతులు దించకుండానే.

వారానికోసారి ఆయన స్నేహితుడు వచ్చేవారు. కూకట్‌పల్లిలో కూతురి దగ్గర ఉండేవారు. ఇద్దరూ ఒకే స్క్వాడ్రన్. స్నేహితుడు రేడియో ఆపరేటర్, నేల మీద కూర్చుని పైనున్న విమానంతో మాట్లాడే మనిషి. ఏళ్లకేళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. గోదావరి యాస, చేతిలో పులిహోర డబ్బా.

"చూశావామ్మా వీణ్ణి? కారుకీ కారుకీ మధ్య ఎంత జాగా వదిలాడో! వీటికి రెక్కలున్నాయనుకుంటున్నాడు."

"నోరు మూసుకోరా. నీ రేడియో ఏనాడన్న సక్కగ పలికిందా?"

ఆ మాట తర్వాత ఇద్దరూ కాసేపు మాట్లాడుకునేవారు కాదు. పులిహోర మాత్రం తినేవారు. ఆ మౌనానికి కారణం నాకు చాలాకాలం తెలీదు.

పార్కింగ్ బిల్డింగ్‌లో అన్నింటికంటే పై అంతస్తు ఖాళీ డెక్. ఎండకీ వానకీ అక్కడ కార్లు ఎవరూ పెట్టరు. కాబట్టి మధ్యాహ్నం నా డబ్బా, నా పుస్తకం అక్కడికి వెళ్లేవి. నీళ్ల ట్యాంకు పక్కన కాస్త నీడ ఉండేది. దసరా ముందు ఒకరోజు నేను అక్కడ ఉండగానే ముగ్గురు మనుషులు పైకి వచ్చారు. మా సూపర్‌వైజర్, రేడియో ఆయన, వాళ్లతో చేతికర్ర పట్టుకున్న ఒక పొడుగాటి పెద్దాయన, ఇస్త్రీ చొక్కా. నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. వాళ్ల ముందు నుంచి వెళ్లాలంటే సిగ్గేసి అక్కడే ఉండిపోయాను.

రేడియో ఆయన ఈశాన్యం వైపు తిరిగి ఏదో విమానం పిలుపు పేరు అన్నారు. ఆగి, చెవి ఒగ్గి విన్నారు. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచి ఊరుకున్నారు. అప్పుడు మా సూపర్‌వైజర్ గుడ్డ సంచిలోంచి విమానాలకు సైగ చేసే రెండు పాత బ్యాట్లు తీశారు. ఎర్ర రంగు పెచ్చులూడిన చెక్క బ్యాట్లు. రెండు చేతులూ నిటారుగా ఎత్తి నిలబడ్డారు. కింద ఎక్కడో ఫ్లైఓవర్ మీద హారన్లు. పైన ఏమీ లేదు. చాలాసేపటికి పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వెళ్లి, ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఇవాళ్టికి చాలురా. రేపు చూద్దాం."

చేతులు దిగాయి. ముగ్గురూ ఫ్లాస్కులోంచి టీ పోసుకుని మోకాళ్ల నొప్పుల గురించి పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. రేడియో ఆయనే నన్ను చూశారు. "అదిగో మన హెల్ప్‌డెస్కు అమ్మాయి! రామ్మా, టీ తాగు. మేం పిచ్చివాళ్లం కాదులే."

నేను అడగలేదు. మా సూపర్‌వైజరే చెప్పారు. అడగనివాళ్లకే మనుషులు ఎక్కువ చెప్తారని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.

"మేం ముగ్గురం కింద పనిచేసేటోళ్లం బిడ్డా. సార్ మా డ్యూటీ ఆఫీసర్. పైకి పోయేటోళ్లు ఐదుగురు. ఈశాన్య కొండల్ల సరిహద్దు చౌకీలకు బియ్యం, మందులు మోసుకపోయి పైకెల్లి పడేసి వచ్చెటోళ్లు. ఆ దినం పైలట్ సార్ మెట్లెక్కుకుంట నన్ను జూసి నవ్విండు. 'నా జాగా ఎవనికీ ఇయ్యకు, మధ్యాహ్నం వస్త' అన్నడు. నేను జాగా పట్టుకొని నిలబడ్డ. మధ్యాహ్నమైంది, రాలె. వేరే విమానం దిగింది, గా జాగాల పెట్టుమన్నరు. పెట్టనియ్యలె. చేతులు లేపి నిలబడే ఉన్న. వీడు లోపల పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నడు. చీకటి పడ్డంక సార్ వచ్చిండు. డ్యూటీల ఏనాడూ తెలుగు మాట్లాడని మనిషి. భుజం మీద చెయ్యేసి తెలుగుల జెప్పిండు. ఇందాక నువ్వు విన్నవే, గదే మాట."

"దొరకలేదా?" అన్నాను.

"రేపు చూద్దాం అన్నడు. చూసినం. మబ్బులు, మంచు. ఇనుప ముక్క గూడ దొర్కలె. ఆ రేపు ఇంక అయిపోలె బిడ్డా."

పెద్దాయన కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. అప్పటి నుంచి ఏ ఊళ్లో ఉన్నా, ఏటా ఆ రోజున ముగ్గురూ కలిసి ఇది చేస్తున్నారు. రిటైరై హైదరాబాద్ చేరాక మొదట ఒక పార్కులో చేసేవాళ్లు. వాకింగ్‌కి వచ్చినవాళ్లు చుట్టూ మూగుతున్నారని ఈ డెక్ మీదికి మార్చారు. ఇక్కడి నుంచి ఆకాశం పెద్దగా కనిపిస్తుంది.

ఆ ఐదుగురి గురించి ఆ మధ్యాహ్నం వాళ్లు చెప్పినవి నా డైరీలో ఉన్నాయి. నావిగేటర్ ఎప్పుడూ వేరేవాళ్ల పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాడట. ఇంజనీరుకి కొడుకు పుట్టి కొన్నాళ్లే అయిందట, ఇంకా చూడలేదు. ఇలాంటివే. ఆ ఐదుగురు చేసిన గొప్ప పనులేమిటని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పెన్ను సంగతి చెప్పి పెద్దాయన నవ్వారు. నవ్వి కళ్లజోడు తుడుచుకున్నారు.

మరుసటి ఏడు వానాకాలంలో పెద్దాయన పోయారు. మా సూపర్‌వైజర్ ఒకరోజు సెలవు పెట్టి, మర్నాడు వచ్చి మామూలుగా కార్లు ఆపారు. మధ్యాహ్నం నా గాజు గది తలుపు దగ్గర నిలబడి, "పెద్దసార్ పోయిండు" అని మాత్రం అన్నారు. నేను కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

అప్పుడు మొదలైంది అసలు చిక్కు. ఆ మాట ఇప్పుడు ఎవరు చెప్తారు?

మీకు ఇది చిన్న సంగతిలా అనిపించవచ్చు. చేతులు నొప్పి పుడితే దించుకోవచ్చు కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, ధైర్యం చేసి అడిగాను కూడా.

"నాకు నేనే చెప్పుకుంటే గది ఆర్డర్ ఎట్లయితది?" అన్నారు. "డ్యూటీల నిలబెట్టినోడే ఇడిపియ్యాలె. లేకుంటే నేను వాళ్లను ఇడిసిపెట్టి పోయినట్టు."

ఆ వారం రేడియో ఆయన వచ్చినప్పుడు ఇద్దరికీ దీనిమీదే గొడవ.

"నువ్వు చెప్పరా. నాకంటే రెండేండ్లు సీనియర్‌వి."

"నేను చెప్పను. నా పని పిలవడం. చాలు అని నా నోటితో అన్నానంటే రేడియో కట్టేసినట్టే. ఆ రోజు కట్టలేదు, ఇప్పుడు కడతానా?"

"అయితే నేను చచ్చేదాంక చేతులు లేపుకొని నిలబడాల్నా?"

"నిలబడు. నేను పిలుస్తూ ఉంటాను. ఎవరు ముందు పోతారో చూద్దాం."

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు పులిహోర మిగిలిపోయింది.

అదే సమయంలో డెక్ తలుపుకి కార్డు తాళం పెట్టారు. పైకి వెళ్లాలంటే అడ్మిన్ అనుమతి కావాలి. మా సూపర్‌వైజర్ నన్ను ఇంకేమీ అడగలేదు, ఈ ఒక్కటే అడిగారు. "జర పైకి పోనిచ్చేటట్టు చూడు బిడ్డా. ఒక్క గంట." ట్యాంకు పరిశీలన అని ఒక ముక్క రాస్తే ఇచ్చేసేవాళ్లు. నేను నిజం రాశాను. రాత్రుళ్లు కథలు చదివే అమ్మాయికి ఒక్కసారి రాసే అవకాశం వస్తే ఏం చేస్తుందో అదే చేశాను. ఐదుగురి గురించి, బ్యాట్ల గురించి, పెద్దాయన మాట గురించి మూడు పేరాలు రాసి పంపాను. నా జీవితంలో అందరూ మెచ్చుకున్న నా రచన ఆ మెయిల్ ఒక్కటే.

గంటలో హెచ్ఆర్ మేడమ్ కిందికి దిగి వచ్చింది. ఉద్యోగుల ఉత్సాహం కోసం కార్యక్రమాలు పెట్టడం ఆవిడ పని. అంతకు ముందు ఆవిడ బేస్‌మెంట్‌కి రావడం నేను చూడలేదు.

"నువ్వేనా రాసింది? గూస్‌బంప్స్ రా! కళ్లలో నీళ్లు తిరిగాయి తెలుసా? దీన్ని మనం పెద్దగా చేద్దాం. ఫుల్ సపోర్ట్."

"ఇద్దరే మేడమ్. ఊరికే పైకి వెళ్లి..."

"ఆ మాట చెప్పే ఆఫీసర్ లేరు అని రాశావు కదా? మన సైట్ హెడ్ చెప్తారు. ఇమాజిన్ చెయ్యి!"

నేను భయపడుతూ వెళ్లి మా సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఒప్పుకోరనుకున్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. ఈలోగా రెండు కార్లు ఆపారు.

"ఈ జాగాకు ఆఫీసర్ ఆయననే గదా" అన్నారు చివరికి. "జాగా ఆయనది, డ్యూటీల నిలబెట్టింది ఆయన కంపెనీ. ఆయన జెప్తే నడుస్తది. మాట మాత్రం తప్పు పోవద్దు బిడ్డా. రెండు మాటలూ చెప్పాలె. తెలుగుల."

ఆ రెండు మాటలూ నేను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ఇచ్చాను. హెచ్ఆర్ మేడమ్ చదివి, "ఇంగ్లీషులో స్టాండ్ డౌన్ అంటే ఇంకా పవర్‌ఫుల్‌గా ఉండదూ?" అంది. "తెలుగులోనే ఉండాలి మేడమ్" అన్నాను. ఆవిడకు వినపడలేదు. మళ్లీ అన్నాను. "ఓకే రా, రిలాక్స్" అని నా బుగ్గ తట్టింది.

ఈ లోపల నాకు ఇంకో రెండు సంగతులు తెలిశాయి. మా డెస్కు మీదుగా వెళ్లే మెయిళ్లలో అన్నీ తెలుస్తాయి, తెలియకపోతే బాగుండేవి కూడా. నెలాఖరుకి సెక్యూరిటీ ఏజెన్సీ మారుతోంది. కొత్త ఏజెన్సీ వయసు మీరినవాళ్లను తీసుకోదు. రెండోది, పై డెక్‌ని ఉద్యోగుల కోసం ఆట కోర్టుగా మారుస్తున్నారు. అప్పటికే పెయింటర్లు వచ్చి తెల్ల గీతలు గీసి వెళ్లారు.

ముందురోజు ఏర్పాట్లు చూడ్డానికి ఇద్దరం పైకి వెళ్లాం. ఆయన ఆ గీతల దగ్గర ఆగారు.

"ఇవేంది బిడ్డా? కొత్త పార్కింగ్ గీతలా? కార్లకు జాగా సరిపోదే."

ఆయన నా ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా గీత పక్కన అడుగులు కొలుచుకుంటూ తను నిలబడాల్సిన చోటు చూసుకున్నారు.

ఆ రోజు వచ్చింది. డెక్ మీద మూడు రంగుల బెలూన్లు, పెద్ద ఎల్ఈడీ తెర, సెల్ఫీల కోసం అట్ట విమానం. వచ్చిన ఉద్యోగులందరికీ ఒకే రంగు టీషర్టులు. రేడియో ఆయన పాత కోటుకి మెడల్స్ పెట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చోబోతూ ఆగిపోయారు.

"అమ్మాయ్, ఇది పెళ్లా, సంతాపమా?"

"ఊకో రా" అన్నారు మా సూపర్‌వైజర్. యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. గుడ్డ సంచి చంకలో ఉంది. "సార్ వస్తడు గదా, మాట జెప్తడు. మనకదే గావాలె."

రేడియో ఆయన లేచి ఈశాన్యానికి తిరిగి మూడుసార్లు పిలిచారు. వీడియో తీసే కుర్రాడు ముందుకు వచ్చాడు.

"సార్, సూపర్. ఇంకొక్కసారి. ఈసారి కెమెరా వైపు, కొంచెం ఎమోషన్‌తో."

"మూడుసార్లే బాబూ."

"జస్ట్ వన్ మోర్ సార్."

"నాలుగోసారి పిలిస్తే పలుకుతారా?" అన్నారు రేడియో ఆయన. నిజంగానే అడిగినట్టు అడిగారు. ఆ కుర్రాడు కెమెరా దించి వెనక్కి వెళ్లాడు. తప్పు వాడిది కాదు. వాడికి ఎవరూ చెప్పలేదు.

మా సూపర్‌వైజర్ బ్యాట్లు తీసి, నడిచి వెళ్లి, ముందురోజు చూసుకున్న చోట నిలబడి చేతులు ఎత్తారు. ఫోన్లన్నీ లేచాయి. ఇక సైట్ హెడ్ రావాలి, అట్ట మీద మాట చెప్పాలి. హెచ్ఆర్ మేడమ్ చెవిలో ఫోన్ పెట్టుకుని అటూ ఇటూ తిరిగింది. తర్వాత మైకు తీసుకుంది.

"మన సార్ అర్జెంట్ క్లయింట్ కాల్‌లో ఉన్నారు. బట్ మీకోసం ఒక స్పెషల్ మెసేజ్ రికార్డ్ చేశారు!"

తెర మీద సైట్ హెడ్ ముఖం వెలిగింది. దేశం, త్యాగం, మన కంపెనీ విలువలు, టీమ్ వర్క్. అన్నీ ఇంగ్లీషులో. చివర సెల్యూట్ చేశారు. చప్పట్లు. కింద ఫలహారాలు ఉన్నాయని ప్రకటించారు. ఐదుగురి కోసం ఎత్తిన చేతుల పక్క నుంచే అందరూ కబుర్లు చెప్పుకుంటూ లిఫ్టు వైపు నడిచారు.

ఆయన చేతులు దించలేదు.

నేను హెచ్ఆర్ మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. "మేడమ్, ఆ మాట చెప్పలేదు."

ఆవిడ వెనక్కి చూసింది. "ఇంకా పోజ్‌లో ఉన్నారా? సో స్వీట్! నువ్వు చూసుకో రా, కింద చీఫ్ గెస్ట్ వెయిటింగ్" అని వెళ్లిపోయింది.

సైట్ హెడ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. సెక్రటరీ ఎత్తింది. నేను చెప్పేది రెండుసార్లు గట్టిగా చెప్పమంది. చెప్పాను. "సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఏదైనా ఉంటే టికెట్ రైజ్ చేయండి" అంది. నాలుగేళ్లు నేను అందరికీ చెప్పిన మాట అది. వినేవైపు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఎల్ఈడీ వాళ్లు తెర విప్పడం మొదలుపెట్టారు. "అంకుల్, జర పక్కకు జరుగుండ్రి, వైరు గుంజాలె" అన్నాడు ఒకడు. ఆయన కదల్లేదు. వాడు ఆయన చుట్టూ తిప్పి వైరు తీసుకున్నాడు. ఎండ నెత్తి మీద ఉంది. ఆయన చంకల్లో చొక్కా తడిసిపోయింది. ముందు ఎడమ చేయి వణకడం మొదలైంది, తర్వాత రెండూ. బ్యాట్లు వణుకుతున్నాయి. చూపు మాత్రం ఈశాన్యం మూల మీదే ఉంది, అక్కడ నిజంగా ఏదో కిందికి దిగుతున్నట్టు.

రేడియో ఆయన దగ్గరికి వెళ్లి చేతులు జోడించాను. "మీరు చెప్పండి. పడిపోతారు."

ఆయన తల అడ్డంగా ఊపారు. "నా వల్ల కాదమ్మా. నన్ను అడక్కు." కుర్చీ తిప్పుకుని పిట్టగోడ వైపు ముఖం పెట్టి, అరచేతుల్లో తల దాచుకున్నారు.

ఎల్ఈడీ వాళ్లు పెట్టెలు మోసుకుంటూ దిగిపోయారు. డెక్ మీద ముగ్గురమే మిగిలాం.

నేను వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను. మామూలు గొంతుతో చెప్పాను. వినపడలేదు. ఇంకా దగ్గరికి వెళ్లాను. అప్పటివరకూ అంకుల్ అని పిలిచిన మనిషిని మొదటిసారి సార్ అన్నాను. నా జన్మలో ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"ఇవాళ్టికి చాలు సార్!"

ఆయన చూపు ఆకాశం నుంచి నా ముఖం మీదికి దిగింది. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. రెండో మాట కోసం చూస్తున్నారని నాకు తెలుసు. నాకు ఆ మాట వచ్చు. అట్ట మీద నా చేత్తో రాసిందే. నోటిదాకా వచ్చింది. ఆయన బూట్ల కింద కోర్టు తెల్లగీత కనిపించింది. నెలాఖరు గుర్తొచ్చింది. ఏ రేపు? ఎక్కడ? ఎవరు చూస్తారు? నా నోట్లోంచి ఆ మాట రాలేదు.

ఆయన ఆగారు. నేనూ ఆగాను. తర్వాత ఆయన చేతులు దించారు. ఒకేసారి కాదు, కాస్త కాస్తగా, తుప్పు పట్టినదేదో వంచినట్టు.

కాసేపటికి రేడియో ఆయన ఇటు తిరిగారు. "దించావా? ఎవరు చెప్పారురా?"

"ఎవ్వలు జెప్పలె" అన్నారు ఆయన, బ్యాట్లు సంచిలో పెడుతూ. "నేనే దించిన."

ఆ మాట నేను విన్నాను. నన్ను కాపాడటానికి అన్నారో, నేను చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోలేదో తెలీదు. అడగలేదు. ఆయన డ్యూటీ ఇంకా అయిపోలేదు. కిందికి దిగి ర్యాంపు దగ్గర నిలబడ్డారు. ఆ సాయంత్రం చేతులు భుజాల పైకి లేవలేదు. నడుము దగ్గర నుంచే అరచేయి ఊపి కార్లను పంపించారు. అదే బాగుంది అంకుల్, అన్నాడు ఒకడు.

వీడియోకి చాలా మెచ్చుకోళ్లు వచ్చాయట. నాకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు, మంచి మెయిల్ రాసినందుకు. నెలాఖరుకి ఆయన విజిల్, జాకెట్ అప్పగించి వెళ్లిపోయారు. ఆ రోజు నాకు సెలవు కాదు, నేను అక్కడే ఉన్నాను. గాజు గది బయట నిలబడి తల ఊపారు. నేనూ ఊపాను. డెక్ మీద ఆట మొదలైంది. బంతి శబ్దం నీళ్ల ట్యాంకు దాకా వినిపించేది. నేను అన్నం డెస్కు దగ్గరే తినడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ఆ ఉద్యోగం మానేశాను. కారణం అడిగితే దూరం అని చెప్పాను.

చలికాలంలో రేడియో ఆయన ఫోన్ చేశారు. "వాడికి బాలేదమ్మా. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. ఒకసారి వచ్చి చూసి వెళ్లు." నేను ఏదో చెప్పాను. ఆయనకు వినపడలేదు, "సరే, వస్తావుగా" అని పెట్టేశారు.

బోరబండలో రైల్వే స్టేషన్ వెనక సన్నటి గల్లీలో, రెండో అంతస్తులో కిరాయి ఇల్లు. కోడలు తలుపు తీసింది. "మామా, ఆఫీసు పిల్ల వచ్చింది" అని లోపలికి కేక వేసి, నాకు స్టూలు చూపించింది. కిటికీ పక్కన మంచం. కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. గుడ్డ సంచి మేకుకి వేలాడుతోంది. ఆయన చేతులు దుప్పటి మీద ఉన్నాయి. ఆ చేతులు అంత సన్నగా ఉంటాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఎప్పుడూ పైకెత్తి ఉండగానే చూశాను కదా.

మాట్లాడకుండా కూర్చోవడం నాకు వచ్చు, ఆయనకీ వచ్చు. తర్వాత ఆ రెండో మాట ఇప్పుడైనా చెప్దామనుకున్నాను. దారిలో మెట్రోలో అంతా అదే అనుకుంటూ వచ్చాను. ముందుకు వంగి, "సార్, రేపు..." అన్నాను.

ఆయన దుప్పటి మీది నుంచి అరచేయి కొంచెం లేపారు. ఆగమని.

"వద్దు తియ్యి బిడ్డా. సార్ ఎప్పుడూ రెండు మాటలు చెప్పేటోడు. నువ్వు ఒక్కటే చెప్పినవ్. నాకు ఆడ్నే సమజైంది."